వీరదుర్గ పేరు మీద సిమ్ములు

మా ఆయన లోకనాథ్‌కి ఇంగ్లీషు రాదు. రాదని ఒప్పుకోవడం కూడా రాదు. అందుకే ఆ జూలైలో, వాన తగ్గీ తగ్గకముందే ఆ పిల్ల మా షాపు మెట్లెక్కి గొడుగు దులిపి "గుడ్ మార్నింగ్ సర్" అనగానే, ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని "ఆ, చెప్పండి చెప్పండి" అంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. అవతల ఎవరూ లేరు. ఆ ఫోను చార్జింగ్ లేక పొద్దుటి నుంచి ఆగిపోయి ఉంది.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో మాది సెల్ ఫోన్ల షాపు. బోర్డు మీద లోకనాథ్ మొబైల్స్ అని ఎర్రటి అక్షరాలు. కౌంటర్లో కూర్చునేది నేను. ఫోన్లు విప్పేది, సిమ్ములు వేసేది, కంపెనీవాళ్ళతో మాట్లాడేది కూడా నేనే. నేను బాగుచేసిన ఫోను తీసుకుని, వచ్చినవాళ్ళ చేతిలో పెట్టి, "చూశారా, నిమిషంలో అయిపోయింది" అనడం ఆయన పని. ఆ పని మాత్రం చాలా బాగా చేసేవాడు.

ఆ పిల్ల పేరు చిసోమో. ఆఫ్రికాలో మలావీ అనే దేశం నుంచి వచ్చి, మా ఊరికి దగ్గర్లో ఉన్న ఫార్మసీ కాలేజీలో చేరింది. పంతొమ్మిదేళ్ళుంటాయి. జోహన్నెస్‌బర్గ్‌లో పనిచేసే వాళ్ళన్న కొనిచ్చిన ఫోను తెచ్చుకుంది.

"ఇది అన్‌లాక్ అయిన ఫోనే మేడమ్. ఏ దేశంలో ఏ సిమ్ వేసినా పనిచేస్తుందని మా అన్నయ్య చెప్పాడు. హాస్టల్లో ఫ్రెండ్ సిమ్ వేసి చూశాను. నెట్ వస్తోంది. కాల్ మాత్రం వెళ్ళడం లేదు."

నేను మా షాపు సిమ్ వేసి చూశాను. నిజమే. వీడియో ఆడుతోంది, నంబర్ నొక్కితే మాత్రం చప్పుడు లేదు.

ఇంగ్లీషు మాటలు సద్దుమణిగాయనుకుని మా ఆయన బయటికొచ్చాడు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, తెలుగులో, ఆ పిల్ల వైపు నవ్వుతూ అన్నాడు. "వాళ్ళ దేశంలో ఇంతకన్నా ఏం దొరుకుతుంది. డొక్కు సరుకు. బోర్డు పోయిందని చెప్పు. ఇక్కడ కొత్తది కొనుక్కోమను."

ఆ పిల్లకి తెలుగు రాదు. కానీ నవ్వు ఏ భాషలో ఉందో అర్థమైనట్టుంది. చెయ్యి చాపి ఫోను వెనక్కి తీసుకుంది.

"ఫోను బాగానే ఉంది," అన్నాను ఇంగ్లీషులో. "ఈ కంపెనీ కాల్స్ కూడా ఫోర్‌జీ మీదే పంపిస్తుంది. వాళ్ళ జాబితాలో నీ మోడల్ లేదు, అందుకని కాల్ పట్టుకోదు. పాత టూజీ టవర్లు ఇంకా ఉన్న వేరే కంపెనీ సిమ్ వేస్తే వెళ్తుంది. నెట్ సెట్టింగు ఒకటి చేత్తో టైపు చెయ్యాలి, అంతే."

"కాల్ వెళ్తే చాలు మేడమ్," అంది. "మా అమ్మ దగ్గర ఉన్నది బటన్ ఫోను. ఆదివారం ఆదివారం ఆవిడే చేస్తానంది. వచ్చిన దగ్గర్నుంచి మాట్లాడలేదు."

పరదేశం నుంచి వచ్చినవాళ్ళకి సిమ్ ఇవ్వాలంటే పాస్‌పోర్టు, వీసా, కాలేజీ ఉత్తరం, ఈ ఊళ్ళో ఒకరి హామీ కావాలి. అన్నీ కంపెనీ చూసి సరేనన్నాక గానీ నంబర్ రాదు. ఆ మాటే చెప్పబోయాను. ఈలోగా మా ఆయన కౌంటర్ కిందికి వంగి, బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి చిన్న కవరొకటి పైకి లాగాడు.

"ఫారిన్ స్పెషల్ అని చెప్పు. అయిదు నిమిషాల్లో అవుతుందను."

నిజంగానే అయిదు నిమిషాల్లో అయింది. టూజీ పట్టుకుంది. నెట్ సెట్టింగు నేను టైపు చేశాను. ఆ పిల్ల వెంటనే వాళ్ళమ్మకి చేసింది. రెండు మాటలు వినపడగానే వెనక్కి తిరిగి, గోడ మీది ఫోన్ కవర్ల వైపు ముఖం పెట్టుకుని మాట్లాడింది. భుజాలు కదులుతున్నాయి. మా ఆయన ఆ వీపు వైపు చూసి, "చూశావా, నిమిషంలో అయిపోయింది," అన్నాడు నాతో. నాతో కూడా అదే మాట.

ఖాళీ కవరు చెత్తబుట్టలో పడెయ్యబోతే "అది ఇటివ్వు" అని డబ్బాలో వేసుకున్నాడు. ఈలోగానే నేను చూశాను. దాని మీద ఆయన గుండ్రటి దస్తూరీతో, పెన్సిల్‌తో రాసి ఉంది: వీరదుర్గ, 4.

వీరదుర్గ మాకు తెలిసిన మనిషే. కాకినాడ రేవులో పొద్దున్నే చేపలు ఎత్తుకుని ఆటోలో మా ఊరొచ్చి, వీధి వీధీ తిరిగి అమ్ముకుంటుంది. జూన్‌లో సిమ్ పోయిందని మా దగ్గరికి వచ్చింది. ఐసులో, పొలుసులో నానీ నానీ ఆవిడ వేలిముద్రలు అరిగిపోయాయి. సిమ్ ఇచ్చే ముందు వేలిముద్ర చూసే మెషిన్ ఓ పట్టాన పట్టుకోదు. నేను ఆవిడ బొటనవేలు పట్టుకుని గాజు మీద అదిమేదాన్ని. స్క్రీన్ మా ఆయన వైపు ఉండేది. "పడలేదు, ఇంకోసారి," అనేవాడు. మళ్ళీ అదిమేదాన్ని. "ఇంకోసారి." ఆవిడ చీర చెంగుతో వేలు తుడుచుకుని, తనదే తప్పన్నట్టు నవ్వేది. "నా ఏళ్ళు మంచియి కాదండి, మీకు శ్రమ." మర్నాడు రమ్మన్నాం, వచ్చింది. ఆ వారంలో ఇంకో రెండుసార్లు రమ్మన్నాం, అప్పుడూ వచ్చింది.

పడలేదన్న ప్రతిసారీ పడింది. పడిన ప్రతిసారీ ఆవిడ పేరు మీద ఓ కొత్త నంబరు పుట్టింది. మనిషికి తొమ్మిది దాకా ఇస్తారు. ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, మిగతావి బయట అమ్ముకోవడానికి డబ్బాలో దాచాడు.

ఆ మధ్యాహ్నం నాకు అంతా అర్థమైంది. రాత్రి ఏం కూర చెయ్యాలో మా అత్తగారిని అడిగాను. అంతకుమించి ఎవర్నీ ఏమీ అడగలేదు. లోకనాథ్‌ని చూసి నేను ఎంత అసహ్యించుకున్నానో చెప్పుకోవడం సులువే. కానీ ఆ తర్వాత రెండు నెలలూ పొద్దున్నే షాపు తెరిచి నా వేలు పెడితేనే ఆ మెషిన్ పనిచేసేది. సిమ్ములు అమ్మే ఏజెన్సీ నా పేరు మీద తీసుకున్నాడు. "ఆడదాని పేరు మీదుంటే కలిసొస్తుంది," అన్నాడు పెళ్ళైన కొత్తలో. అది ప్రేమనుకున్న తెలివైనదాన్ని నేను.

*

ఆగస్టంతా చిసోమో వస్తూనే ఉంది. ఫోను ఆగి మళ్ళీ వెలిగినప్పుడల్లా ఆ నెట్ సెట్టింగు చెరిగిపోయేది. రెండుసార్లు నేను రాశాక మూడోసారి తనే రాసుకుంది. అయినా రావడం మానలేదు. మేడమ్ పోయి అక్కా అయింది. ప్రతి మాటకీ చివర అండి తగిలించాలని ఎవరో చెప్పినట్టున్నారు, "వాటర్ అండి, బస్ అండి" అనేది.

ఓ రోజు వీరదుర్గ గంప మా షాపు మెట్ల మీద దించి అలుపు తీర్చుకుంటోంది. గంపలో ఓ పక్క ఎండు నెత్తళ్ళు ఉన్నాయి. చిసోమో వాటిని చూసి ఆగిపోయింది. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. వాళ్ళ ఊరు పెద్ద సరస్సు ఒడ్డునట. ఇలాంటివే చిన్న చేపలు పట్టి, ఎండబెట్టి, మొక్కజొన్న సంకటిలోకి వండుకుంటారట. నేను ఆ మాట వీరదుర్గకి చెప్పాను.

"అయితే మావోళ్ళేనన్నమాట," అంది వీరదుర్గ. ఓ గుప్పెడు కాగితంలో పోసి ఆ పిల్ల సంచిలో పెట్టింది. చిసోమో పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. తన పేరు మీద నంబరు ఆ పిల్ల చేతిలో ఉందని ఆవిడకి తెలీదు. ఆ నంబరు ఆవిడదని పిల్లకి తెలీదు. ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నవ్వుతున్నారు. తెలిసినదాన్ని నేను, కౌంటర్ వెనక కూర్చుని ఛార్జర్ల లెక్క చూసుకుంటున్నాను.

మా మావగారు శివరామకృష్ణ గారు అప్పుడే గుడి నుంచి వస్తున్నారు. సోమవారం సోమవారం భీమేశ్వరుడికి అభిషేకం చేయించనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. మెట్ల కింద ఆగి, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మాయ్ మీనా, ఇది షాపనుకున్నావా, చేపల బజారనుకున్నావా? లేవమను. ఆ నల్లపిల్లని కూడా లోపలికి రానివ్వకు, చూసి గిరాకీ భయపడుతుంది."

వీరదుర్గ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. తడి మరక మీద నీళ్ళు పోయించారు మా మావగారు. పోయించి, పసుపు నీళ్ళు కూడా చల్లించారు. కౌంటర్ కింది డబ్బాకి మాత్రం అంటు లేదు.

*

సెప్టెంబర్ రెండో వారంలో పోలీసులొచ్చారు. మా దగ్గరికి కాదు, కాకినాడలో వీరదుర్గ ఇంటికి. ఎక్కడో పై రాష్ట్రంలో ఒక రిటైరైన మాస్టారికి బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసి ఆయన దాచుకున్నదంతా ఎవరో ఊడ్చేశారట. ఆ నంబరు ఎవరిదని చూస్తే వీరదుర్గ పేరు వచ్చింది. ఇంకా చూస్తే ఆవిడ పేరు మీద తొమ్మిది నంబర్లు తేలాయి. అందులో ఒకటి మా ఊరి పక్క ఫార్మసీ హాస్టల్లో మోగుతోంది.

సిమ్ములు కొన్న షాపు మా ఊళ్ళో కాబట్టి ఇద్దర్నీ మా ఊరి పోలీసు స్టేషన్‌కే తెచ్చారు.

మా ఆయన ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

"ఏం లేదు, మనం కంగారు పడక్కర్లేదు," అన్నాడు. "ఆవిడే తొమ్మిదిసార్లు వచ్చింది. మనం రూలు ప్రకారం ఇచ్చాం. ఆవిడ బయట అమ్ముకుంది. ఆ పిల్ల కొంది. వాళ్ళిద్దరూ మన మెట్ల మీద కూర్చుని ఏవో గుసగుసలాడుకునేవారని నువ్వు చెప్పాలి."

"వాళ్ళిద్దరికీ కలిసే భాష ఒక్కటీ లేదు కదా," అన్నాను.

"అదంతా ఎస్సై గారికి అనవసరం."

మా మావగారు పెరుగన్నం కలుపుకుంటూ, చాలా నెమ్మదిగా, నాకు మంచి చెబుతున్నట్టే అన్నారు. "చూడమ్మా. ఆవిడకి పోయేదేముంది. నాలుగు రోజులుండి వస్తుంది. ఆ పిల్లనంటావా, విమానం ఎక్కించి పంపేస్తారు. మనకలా కాదు, బజార్లో తలెత్తుకు తిరగాలి."

"పిల్ల చదువు?" అన్నాను.

"వాళ్ళ దేశంలో కాలేజీలు లేవా ఏంటి?"

మా మరిది శ్యాంబాబు తల వంచుకుని తింటున్నాడు. అతని భార్య శ్రీదుర్గ వడ్డిస్తోంది. పెళ్ళయి ఏడాది కాలేదు. నా విస్తట్లో అన్నం అలాగే ఉండటం చూసింది.

మూడింటికి స్టేషన్‌కి వెళ్ళాం. వీరదుర్గ వరండాలో బెంచీ మీద కాదు, బెంచీ పక్కన కింద కూర్చుంది. నన్ను చూడగానే లేచింది.

"మీరొచ్చారా అమ్మా. మీరు సెప్పండి. నాకు ఒక్క ఫోనే కదండీ. తొమ్మిదంటన్నారు. తొమ్మిది ఫోన్లు నేనేం చేసుకుంటానండి?"

చిసోమో బెంచీ చివర పాస్‌పోర్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఫోను తీసేసుకున్నారు. నన్ను చూసి లేవలేదు. "అక్కా, నన్ను వెనక్కి పంపించేస్తారా?" అని మాత్రం అడిగింది.

ఎస్సై గారు అంత చెడ్డమనిషేం కాదు. మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, షాపు ఎవరిదని అడిగారు.

ఎర్రటి అక్షరాల్లో తన పేరు రాయించుకున్న మనిషి. రోజూ పొద్దున్న ఆ బోర్డుకి సాంబ్రాణి పొగ వేసే మనిషి. గొంతు సవరించుకుని అన్నాడు.

"మా ఆవిడదండి. ఏజెన్సీ, లాగిన్ అన్నీ ఆవిడ పేరు మీదే. నేను ఊరికే, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళి కూర్చుంటానండి."

అని నా వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు, సిగ్గు కూడా లేదు. ఇప్పుడు నోరు విప్పితే మునిగేది నువ్వే, కాబట్టి విప్పవు, అన్న ధీమా ఉంది. పదకొండేళ్ళ కాపురంలో నన్ను ఆయన అంత సూటిగా చూడటం అదే మొదలు.

"ఏజెన్సీ కాగితం ఉందామ్మా?" అన్నారు ఎస్సై గారు.

"షాపులో ఉందండి. తెస్తాను."

షాపు అయిదు నిమిషాల నడక. షట్టర్ సగం ఎత్తి లోపలికి వెళ్ళాను. కాగితం గోడకి ఫ్రేములో ఉంది, దించాను. కౌంటర్ కింద బిస్కెట్ల డబ్బా ఉంది. దాన్ని కూడా చంకలో పెట్టుకున్నాను. వర్షం మొదలైతే కాగితం తడవకుండా చెంగు కప్పాను. దారిలో కిరాణా కొట్టు ఆయన "ఏంటండీ మీనాకుమారి గారూ, తడుస్తున్నారు," అని పలకరించాడు. పనుందండి అన్నాను.

రెండూ బల్ల మీద పెట్టాను.

"కాగితం నా పేరు మీద ఉందండి. రోజూ వేలు పెట్టి మెషిన్ తెరిచేది నేనే. వీరదుర్గ గారి వేలు పట్టుకుని అదిమింది కూడా నేనే. పడలేదని చెప్పి పదే పదే పెట్టించాం. ఈ డబ్బాలో సిమ్ముల కవర్లున్నాయి, వాటి మీద పేర్లు మా ఆయన రాసినవి. ఆ అమ్మాయికి ఇందులోంచే ఒకటి ఇచ్చాం. తనకి తెలీదు. జూలై నుంచీ నాకు తెలుసు."

ఎస్సై గారు మూత తీశారు. కవర్లు బల్ల మీద పోస్తే, కొన్ని కింద పడ్డాయి. వీరదుర్గ ఒక్కతే కాదు. పాపాయి, తలుపులమ్మ, బుల్లియ్య. అందరూ రేవులోవాళ్ళు, కూలికెళ్ళేవాళ్ళు, వేళ్ళు అరిగినవాళ్ళే. మా ఆయన కిందికి వంగి ఆ పడిన కవర్లు ఏరి బల్ల మీద పెట్టాడు. ఎందుకు ఏరాడో నాకు ఇప్పటికీ తెలీదు. అలవాటేమో.

*

కేసులో ఆయన మొదటి ముద్దాయి, నేను రెండో ముద్దాయిని. ఇద్దరికీ బెయిలొచ్చింది. ఆయన్ని తీసుకెళ్ళడానికి మా మావగారు, మరిది, బజారులో పెద్దమనుషులు నలుగురు వచ్చారు. నన్ను తీసుకెళ్ళడానికి రాజమండ్రి నుంచి మా అమ్మ ఒక్కతే వచ్చింది. దారి పొడుగునా "నీకెందుకే ఇదంతా" అంటూనే ఉంది.

వీరదుర్గని ఆ సాయంత్రమే పంపించేశారు. నాలుగు రోజుల తర్వాత నేను కాకినాడ వెళ్ళి ఆవిడ ఇంటి ముందు నిలబడ్డాను. వల చిక్కు తీస్తోంది. కూర్చోమనలేదు.

"నిజం సెప్పారని అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటన్నారండి," అంది తల ఎత్తకుండానే. "జీపులో నన్ను ఎక్కించుకెల్లినప్పుడు వీధంతా నిలబడి సూసింది. మా అల్లుడి ఎదరే. జూలైలోనే సెప్పుంటే ఆ జీపు వచ్చేది కాదు కదండీ."

ఇంకాసేపు నిలబడి వచ్చేశాను. నన్ను పొమ్మని కూడా ఆవిడ అనలేదు. అనేంత మనిషిగా నన్ను లెక్క వేసుకోలేదు.

చిసోమోని సాక్షిగా రాసుకున్నారు. కాలేజీవాళ్ళు ఉత్తరం ఇచ్చారు, వార్డెన్ హామీ ఇచ్చారు, ఈసారి పాస్‌పోర్టు పేరు మీదే సిమ్ వచ్చింది. నేను హాస్టల్ గేటు దగ్గర కలిశాను. ఫోను నా చేతికి ఇవ్వలేదు.

"మీకు ముందే తెలుసా?" అంది.

"తెలుసు."

"మా అమ్మ ఆ పాత నంబరుకి నాలుగు రోజులు చేస్తూనే ఉందట. నేను చచ్చిపోయాననుకుందట." "సెట్టింగు నేనే రాసుకున్నాను అక్కా," అని లోపలికి వెళ్ళిపోయింది. అక్కా అని ఎందుకు ఉంచిందో. వేరే పిలుపు రాకేమో.

నేను ఇప్పుడు కడియంలో ఓ నర్సరీ ఆఫీసులో పనిచేస్తున్నాను. లారీలు మొక్కలెత్తుకుని బయల్దేరేటప్పుడు కాగితాలు టైపు చెయ్యడం నా పని. ఎవరి పేరు మీద ఏం పోతోందో రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టను. యజమాని నన్ను చాదస్తం మనిషి అనుకుంటాడు.

దసరా వెళ్ళిన వారానికి షాపు మళ్ళీ తెరిచారని తెలిసింది. లోకనాథ్ పేరు చెరిపేసి శ్రీదుర్గ కమ్యూనికేషన్స్ అని రాయించారట. పూజకి బజారంతా వెళ్ళిందట. పూర్ణం బూరెలు పంచారట. పోలీసు జీపు ఎక్కిన మనిషికి జనం ఇంత తొందరగా నమస్కారం పెడతారని నాకు తెలీదు. తెలిసి ఉండాల్సింది. ఆ బజారు నాకు పదకొండేళ్ళుగా తెలుసు.

ఆ రోజే శ్రీదుర్గకి ఫోన్ చేశాను. ఏజెన్సీ నీ పేరు మీద తీశారా అని అడిగాను.

"మీరు ఈ ఇంటి పరువు తీశారక్కా," అంది. వెనక మా మావగారి గొంతు వినిపిస్తోంది. "మళ్ళీ ఫోన్ చెయ్యకండి." పెట్టేసింది.

మంచిదే అనుకున్నాను. ఆ ఇంటికి తగిన కోడలు దొరికింది, ఇంక నాకేంటి అనుకున్నాను. అలా అనుకుని రెండు రోజులు హాయిగానే ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. తెలీని నంబరు. "అక్కా, నేను శ్రీదుర్గని. పక్కింటివాళ్ళ ఫోనులోంచి పెడుతున్నాను. నిన్న ఓ ముసలాయన వస్తే మూడుసార్లు వేలు పెట్టించారు. మొదటిసారే పడటం నేను చూశాను. నా పేరు తీయించుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఇది చూసి చెరిపెయ్యండి."

చెరపలేదు. స్క్రీన్ షాట్ తీసి పెట్టుకున్నాను. యజమాని దగ్గరికి వెళ్ళి రేపు సెలవు కావాలన్నాను. ఎందుకమ్మా అని అడిగాడు. సామర్లకోటలో మా తోడికోడలికి తోడు వెళ్ళాలండి అన్నాను.

తర్వాత అదే నంబరుకి రాశాను: "రేపు పొద్దున్న పాసింజరుకి వస్తున్నాను. ఆధార్ కార్డు ఒక్కటి తీసుకుని రైల్వే స్టేషన్‌కి రా, ఇద్దరం ఎస్సై గారి దగ్గరికి వెళ్దాం. ఎవరికీ చెప్పకు. రాలేకపోతే నేను షాపుకే వస్తాను."